అమ్ములూ, నాన్న గిటార్ విప్పే ముందు ఇది చదువు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, నువ్వు మీ నాన్న గిటార్‌కి కొత్త పికప్పులు మూడూ (తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతం, కాయిల్ ఉన్న ముక్కలు), వాటిలో ఏది పలకాలో ఎంచే ఐదు మెట్ల ఫైవ్ వే స్విచ్చూ తెప్పించావంట, ఆదివారం నువ్వే కూర్చుని వైరింగ్ మార్చేస్తావంట. విన్నప్పట్నుంచీ ఒకచోట కాలు నిలవడం లేదు నాకు. మన ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే మనిషి ఇంకొకరు తయారయ్యారని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ అదే గిటార్ అనేసరికి గుండె గుభేలుమంది. ఎందుకో చెప్తా, ముందు పని సంగతి కానీ.

తీగలు తీసెయ్యి, స్క్రూలు ఒక డబ్బాలో వేసుకో, పికప్పులు బిగించిన ప్లేట్ ఎత్తగానే ఫోటోలు తియ్యి. ఒకటి కాదు పది తియ్యి, ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుందో కనపడాలి. గిటార్ బాడీ మీద మందపాటి గుడ్డ కప్పు, సోల్డర్ చుక్క పడితే పాలిష్ మీద మచ్చ పోదు.

కళ్ళజోడు పెట్టుకో. నీ చూపు బావుందని తెలుసు, అయినా పెట్టుకో. పాత వైరు ఊడదీసేటప్పుడు అది స్ప్రింగ్‌లా లేచి వేడి చుక్కని మొహం మీదకి విసురుతుంది. చిన్నప్పుడు నా కనుబొమ్మ పక్క మచ్చ మీద వేలు పెట్టి ఇదేంటి బాబాయ్ అని అడిగేదానివి, గుర్తుందా? అదే ఇది. ఇంకో అరంగుళం కిందకి వచ్చుంటే ఈ ఉత్తరం ఎవరిచేతో రాయించేవాణ్ణి. కిటికీ తెరిచి పెట్టుకో, పొగ పీల్చకు, సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.

సోల్డర్ 63/37 ది (63 పాళ్ళు తగరం, 37 సీసం), లోపల రోజిన్ (అతుకు పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే జిగురు, ఫ్లక్స్ అంటే ఇలాంటిదే) ఉన్నది దొరికితే మంచిది, 183 డిగ్రీల దగ్గర ఠక్కున కరిగి ఠక్కున గట్టిపడుతుంది. పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం దగ్గరికి రానియ్యకు, నెమ్మదిగా రాగిని తినేస్తుంది. ఐరన్‌తో సోల్డర్‌ని కాదు, అతికే చోటుని వేడి చెయ్యాలి, అక్కడ వేడెక్కితే సోల్డర్ దానంతటదే నీళ్ళలా పాకుతుంది. వాల్యూమ్ పాట్, అంటే నాబ్ కింద ఉండే చిన్న రేకు డబ్బా, దాని వీపు మీద ఎర్త్ వైర్లు అతికేటప్పుడే అందరూ ఇబ్బంది పడతారు, ఆ లోహమంతా వేడిని లాగేస్తుంది, ఐరన్ చల్లగా ఉందని అర నిమిషం నొక్కి పెడితే లోపలి ట్రాక్ కాలిపోతుంది. ముందు ఉప్పు కాగితంతో గీకి, ఐరన్ బాగా వేడిగా ఉంచి, మూడు నాలుగు సెకన్లలో ముగించు. మెరవకుండా బూడిద రంగులో గడ్డకట్టినట్టు కనపడితే అది అతకలేదని అర్థం, మళ్ళీ చెయ్యి. పాట్లు మార్చాలనుకుంటే 250 కిలో ఓమ్‌లవే తీసుకో, సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న) పికప్‌కి 500 పెడితే చెవుల్లో గుచ్చుతుంది.

ఇక స్విచ్. మీ నాన్న గిటార్‌లో ఉన్నది మూడు మెట్లదే. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చినప్పుడు దానికీ మూడే, ఐదు మెట్ల స్విచ్చిని ఫెండర్ వాళ్ళు 1977లో గానీ పెట్టలేదు. ఈలోపు వాయించేవాళ్ళే కనిపెట్టేశారు, లివర్‌ని రెండు మెట్ల మధ్య జారకుండా నిలబెడితే రెండు పికప్పులూ కలిసి పలుకుతాయని. మీ నాన్న చిటికెన వేలితో భలే నిలబెట్టేవాడు, పాట మధ్యలో కూడా, నేను పక్కన కూర్చుని పాట వినకుండా ఆ వేలే చూసేవాణ్ణి. నీ కొత్త స్విచ్‌కి ఎనిమిది కాళ్ళుంటాయి, పక్కకి నాలుగు. ఒక పక్క మూడింటికి పికప్పుల హాట్ వైర్లు (సౌండ్ మోసేవి), నాలుగోది కామన్ (అన్నిటికీ ఉమ్మడి కాలు), అది వాల్యూమ్‌కి వెళ్తుంది. అక్కణ్ణుంచే చిన్న వైరు ముక్క అవతలి పక్క కామన్‌కి, ఆ పక్క మిగిలిన కాళ్ళ నుంచి టోన్ పాట్లకి. కొన్ని స్విచ్చుల్లో ఎనిమిదీ ఒకే వరసలో ఉంటాయి, అప్పుడు బొమ్మ చూసి నమ్మావా అయిపోయావే. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి, లివర్ ఒక్కో మెట్టు మారుస్తూ ఏ కాలు దేనితో కలుస్తోందో నువ్వే కాగితం మీద రాసుకో, పది నిమిషాల పని.

మూడూ ఒకే సెట్టేనా? అయితే మధ్యది రివర్స్ వైండ్ (తిరగేసి చుట్టింది) అయ్యుంటుంది, రెండేసి కలిసి పలికే ఆ రెండు మధ్య మెట్లలో గుయ్యిమనే హమ్ తగ్గడానికి. వేరే వేరే కంపెనీలవైతే కలిపినప్పుడు సౌండ్ బక్కచిక్కి ముక్కుతో పాడినట్టు వస్తుంది, కంగారుపడకు, రెండే వైర్లున్న పికప్ అయితే ఒకదాని వైర్లు అటూ ఇటూ మార్చి అతికెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి.

నెక్ పికప్ (గిటార్ మెడ దగ్గరిది) పాతబడి పోయింది అని మీ నాన్న నీకు చెప్పుంటాడు. అందుకేగా నువ్వీ పని పెట్టుకుంది. అది పాతబడి పోలేదు అమ్ములూ. నేను పాడుచేశాను.

నాకు పదిహేడేళ్ళు. అన్నయ్య ఉద్యోగం ట్రైనింగని రెండు వారాలు ఊరెళ్ళాడు, గిటార్ ఇంట్లోనే ఉంది. అంతకుముందు నుంచే అది గుయ్యిమని ఒకటే హమ్, వచ్చేసరికి బాగుచేసి పెడితే ఎంత పొంగిపోతాడో అని నా ఆశ. విప్పాను. దుమ్ము తుడుద్దామని పికప్పుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీసేశాను. కాయిల్ అప్పుడే మొదటిసారి చూడటం. వెంట్రుకంత వైరు, ఏడెనిమిది వేల చుట్లు, ఎర్రగా పట్టుదారంలా మెరుస్తోంది. పికప్ బతికుందో లేదో తెలియాలంటే స్క్రూడ్రైవర్‌తో మాగ్నెట్ మీద తట్టాలి, యాంప్‌లో టక్‌మని వినపడుతుంది అని ఎవరో చెప్పారు. అది నిజమే. బ్రిడ్జ్ పికప్ (తీగల కింది కొస దగ్గరిది) తట్టాను, టక్. మధ్యది తట్టాను, టక్. నెక్ దగ్గరకొచ్చేసరికి ధైర్యం వచ్చేసింది, పెద్ద స్క్రూడ్రైవర్, పట్టు వదులు. మాగ్నెట్ దాన్ని ఒక్క లాగు లాగింది, మొన అంచు మీంచి జారి కాయిల్ పక్కలో దిగింది. పెద్ద చప్పుడేం లేదు. ఒక్క వెంట్రుకంత వైరు పైకి లేచి నిలబడింది, లైటుకి మెరుస్తూ.

నేనేం చేశానో తెలుసా? గోటితో దాన్ని లోపలికి నొక్కి, కవర్ పెట్టి, అన్నీ బిగించేశాను.

అన్నయ్య వచ్చిన రాత్రే వాయించాడు. నెక్ మీదకి తిప్పాడు, ఎక్కడో దూరంగా తుమ్మెద మూలిగినట్టు సన్నగా వచ్చింది. కేబుల్ మార్చాడు, నాబ్‌లు తిప్పాడు, కాసేపు చూసి, "పాతదైపోయినట్టుందిరా" అన్నాడు. నేను తలూపాను. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నన్ను అనుమానించనూ లేదు. అంతకుముందు ఆయన వాయింపంతా నెక్ మీదే, గుండ్రంగా, గొంతు నిండుగా, నెమ్మది పాటలు. తర్వాత బ్రిడ్జ్ మీదకి మారిపోయాడు. నీకు తెలిసిన మీ నాన్న సౌండ్, ఆ పదును, నీకంత ఇష్టమైనది, అది ఆయన కావాలని ఎంచుకున్నది కాదురా తల్లీ. అదే మిగిలింది ఆయనకి.

ఆ హమ్ ఎందుకొచ్చిందో నాకు ఏళ్ళ తర్వాత తెలిసింది. వెనకాల స్ప్రింగులు తగిలించే రేకుకి అతికిన ఎర్త్ వైరు ఊడిపోయింది, అంతే, ఒక్క చుక్క సోల్డర్ పని. అది తర్వాత నేనే వేశాను, నువ్వు మళ్ళీ చూసుకో, మల్టీమీటర్ ఒక మొన బ్రిడ్జ్ మీద, ఇంకోటి జాక్ ఎర్త్ మీద పెడితే బీప్ రావాలి. తీగలు అలా ఎర్త్‌కి కలిసి ఉంటాయి కాబట్టి యాంప్‌ని మాత్రం ఎర్త్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులోనే పెట్టు. యాంప్ లోపల చెయ్యి పెట్టకు, ప్లగ్ పీకేసినా సరే, లోపలి కెపాసిటర్లు కరెంటు దాచుకుంటాయి. ఇందులో నాతో వాదించకు.

అందుకని కొత్త పికప్పుల కవర్లు తియ్యకు. తీగలు వేసే ముందు టెస్ట్ చెయ్యాలిగా, యాంప్ సౌండ్ బాగా తగ్గించి చిన్న పేపర్ క్లిప్‌తో మెల్లగా తాకు చాలు. స్క్రూడ్రైవర్ వద్దు. ప్లేట్ బిగించేటప్పుడు కూడా స్క్రూడ్రైవర్ పికప్పుల వైపు వెళ్తుంటే రెండో చెయ్యి అడ్డం పెట్టు. పాత వైర్లు కట్ చెయ్యకు, సోల్డర్ కరిగించి పూర్తి పొడవుతో తియ్యి. పాత నెక్ పికప్ విడిగా తీశాక మీటర్ పెట్టి చూడు, మిగతా రెండూ ఆరేడు కిలో ఓమ్‌లు చూపిస్తాయి, ఇది ఏమీ చూపించదు. దాన్ని దూదిలో చుట్టి నాకోసం ఉంచు. తెగింది పై చుట్లలోనే అయితే విప్పి మళ్ళీ అతకొచ్చు, లోతుగా తెగుంటే మొత్తం కొత్తగా చుట్టాలి, ఎన్ని రోజులైనా సరే నేనే చుడతా.

శనివారం రాత్రి మీ నాన్నకి ఫోన్ చేస్తా. ఇది నా నోటితో నేనే చెప్పాలి, అప్పటిదాకా నువ్వేం అనకు, ప్లేట్ కూడా ఎత్తకు. ఆదివారం ఐరన్ వేడెక్కగానే వీడియో కాల్ చెయ్యి, నేను మాట్లాడను, చూస్తూ కూర్చుంటా. పనయ్యాక లివర్ నెక్ మీద పెట్టి గిటార్ మీ నాన్న చేతికివ్వు, ఫోన్ యాంప్ పక్కన పెట్టు.

మీ బాబాయి

మర్చిపోయా, అతుకు మీద కప్పే, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు సోల్డర్ చేసే ముందే వైరుకి తొడుగు. తర్వాత ఎక్కదు.