ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తున్న మేనల్లుడికి అత్త ఉత్తరం

కడప

నాయనా,

ఆశీస్సులు. ప్రాజెక్టు రాయడానికి కూర్చుని రాసిందల్లా చించేస్తున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.కి వచ్చాక అంతా ఇంగ్లీషులోనే రాయమంటే టెన్షన్ పడటం సహజమే. ఇన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే నిలవదు.

మంచి గ్రామర్ పుస్తకం ఏదో చెప్పమని అడిగావట. ఇప్పుడు దాంతో పని లేదు. మీ నాయన వాట్సాప్‌లో పంపిన పేజీలు చదివాను. అందులో వ్యాకరణం తప్పులు తక్కువే. లోపం వేరేచోట ఉంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ తగ్గిందన్నావు, చీనీ (బత్తాయి) తోటలు పెరిగాయన్నావు, డ్రిప్పు వల్లే రైతు నిలదొక్కుకున్నాడన్నావు. వీటిలో ప్రభుత్వ లెక్కల్లోంచి తీసుకున్నది ఏది? రైతులు నీతో చెప్పింది ఏది? నువ్వు ఊహించింది ఏది? చదివేవాళ్లకు తెలియడం లేదు.

మన పక్క రైతు వాన గురించి మాట్లాడటం వినే ఉంటావు. తన చేలో పడితే పడింది అంటాడు. పక్కూళ్లో పడితే పడిందట అంటాడు. మబ్బు చూసి పడేలా ఉంది అంటాడు. ఈ మూడింటినీ కలిపి మాట్లాడడు. విశ్వవిద్యాలయం నీ ఇంగ్లీషులో చూసేది కూడా ఇదే. నువ్వు కనుక్కున్నది భూతకాలంలో సూటిగా రాయి. వేరేవాళ్లు చెప్పింది వాళ్ల పేరు, సంవత్సరం పెట్టి రాయి. నీ ఊహ అయితే 'మే', 'సజెస్ట్స్' లాంటి మాటలతో రాయి. కళ్యాణదుర్గం చుట్టుపక్కల మూడు గ్రామాల్లో 40 మందిని అడిగి, జిల్లా రైతులందరి సంగతీ 'ప్రూవ్' అయిందని రాయకూడదు. ఆ 40 మంది గురించి మాత్రం ధైర్యంగా రాయి. అక్కడ నీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు.

జిల్లా అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కదా. అంతకుముందు లెక్కలనూ తర్వాతి లెక్కలనూ ఒకే పట్టికలో పెట్టి సాగు తగ్గిందని రాస్తే, తగ్గింది పంటో జిల్లానో తెలియదు. పాత జిల్లానా, కొత్త జిల్లానా అన్నది మొదటే చెప్పు.

ఇక అసలు కష్టం, చదివిన వ్యాసాన్ని సొంత మాటల్లో రాయడం. మీలాంటి పిల్లలు చాలామంది వ్యాసం పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యంలో నాలుగు మాటలు మార్చి రాస్తారు. దొంగతనం చేయాలని కాదు, ఇంగ్లీషు మీద భయం కొద్దీ. కానీ వాక్యం ఎముకలు అలాగే ఉంటాయి, అది నకలు కిందికే వస్తుంది. దీనికి మన తెలుగే సాయం చేస్తుంది. ఒక పేజీ రెండుసార్లు చదువు. మూసెయ్. రచయిత ఏం తేల్చాడో, ఎలా తేల్చాడో హాస్టల్లో నీ రూమ్మేటుకు తెలుగులో చెప్పు. చెప్పలేకపోతే నీకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువు. చెప్పగలిగితే ఆ తెలుగు మాటలనే మూడు నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయి. తెలుగులోంచి వచ్చిన మాట కాబట్టి పుస్తకంలోని వాక్యం నీ చేతికి రమ్మన్నా రాదు. అప్పుడు వ్యాసం తెరిచి అంకెలు సరిచూసుకుని, పేరూ సంవత్సరమూ అక్కడికక్కడే పెట్టు. తర్వాత పెడదామనుకుంటే ఏది ఎక్కడిదో నీకే తెలియకుండా పోతుంది.

నకలు రాతల మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలు థీసిస్‌లకూ డిసర్టేషన్లకూ వర్తిస్తాయి, ప్రాజెక్టు రిపోర్టులను వాటిలోంచి మినహాయించారు. అయినా ఆ కొలతలు తెలుసుకో. వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి, ఆరు నెలల లోపు. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే 9 శాతం వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. కంప్యూటర్ మాటల పోలిక చూస్తుంది, ఆలోచన ఎవరిదో చూడదు. అది చూసుకోవాల్సింది నువ్వే. తెలుగులో రాసి యాప్‌లో ఇంగ్లీషు చేయించి అతికించే పని కూడా పెట్టుకోకు. వైవాలో ఆ వాక్యం ఎందుకు రాశావని అడిగితే జవాబు ఉండదు.

వాక్యాల సంగతి. మన భాషలో క్రియ చివర వస్తుంది. ఊళ్లకు వెళ్లి, రైతులను కలిసి, ప్రశ్నలడిగి, లెక్కగట్టి చూస్తే ఫలానాది తేలింది అంటాం. వినడానికి బాగుంటుంది. ఇంగ్లీషులో అలాగే రాస్తే ఐదు లైన్ల తర్వాత గానీ విషయం బయటపడదు. తేలిందేమిటో మొదట చెప్పు, ఎలా తేలిందో తర్వాత. పేరా కూడా అంతే: మొదటి వాక్యంలో నీ మాట, తర్వాత దానికి ఆధారం. చూపిస్తోంది, చెబుతోంది అనే అలవాటుతో 'ది టేబుల్ ఈజ్ షోయింగ్' అని రాస్తున్నావు, 'ది టేబుల్ షోస్' చాలు. సర్వే ఎలా చేశావో భూతకాలంలో రాయి, పట్టిక ఏం చూపుతుందో వర్తమానంలో. ఇంగ్లీషులో నామవాచకం ముందు పెట్టే 'ఏ', 'ది' లాంటి మాటలు మన భాషలో లేవు కాబట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక తప్పులు పడతాయి. వాటి కోసం మధ్యలో ఆగకు. అంతా అయ్యాక నామవాచకాలను మాత్రమే చూసుకుంటూ ఒకసారి చదువు.

ఉపోద్ఘాతం 'ఇండియా ఈజ్ యాన్ అగ్రికల్చరల్ కంట్రీ' అని మొదలుపెట్టకు నాయనా. అది ప్రతి ప్రాజెక్టులోనూ చదివి విసిగిపోయారు అందరూ. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త పరిశోధనా వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించి 1990లో మూడు అడుగులు చెప్పాడు. ఈ విషయంలో ఇప్పటిదాకా తెలిసింది ఏమిటి, ఇంకా తెలియనిది ఏమిటి, ఆ ఖాళీలో నేను చేసేది ఏమిటి. నీ విషయంలో రెండోదే బలమైనది. శనక్కాయ వదిలి చీనీ పెట్టిన చిన్న రైతు మొదటి కాపు వచ్చేదాకా ఇల్లు ఎలా గడిపాడో నువ్వు అడిగి తెలుసుకున్నావు. దాన్ని పదో పేజీలో దాచావు. ముందుకు తీసుకురా.

పెద్ద మాటల కోసం వెతకకు. మాటలు పెంచుకోవాలనిపిస్తే, కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో తయారుచేసిన పట్టిక ఉంది. అన్ని శాస్త్రాల రాతల్లోనూ తరచుగా కనిపించే 570 పద కుటుంబాలు, అంటే ఒక మాటా దాని రూపాలూ కలిపి ఒక కుటుంబం. విడిగా బట్టీ పట్టకు, ఏ మాట పక్కన ఏది వస్తుందో చూడు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ కూడా నెట్‌లో ఉంది. పోల్చడానికి, కారణం చెప్పడానికి, పరిమితులు చెప్పుకోవడానికి వాడే వాక్యాల ఎత్తుగడలు అందులో ఉంటాయి. అవి అందరూ వాడేవే, వాడుకుంటే నకలు కాదు. పాత థీసిస్‌లు శోధ్‌గంగలో (మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు దాచిపెట్టిన వెబ్‌సైట్) చూడు, కానీ అక్కడ ఉన్నదల్లా మంచి ఇంగ్లీషే అనుకోకు.

రాసింది నలుగురికి చూపించు. సీపీ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తెలుగు ఆయన పుట్టుభాష కాదు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే పద్యానికి వేర్వేరు తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చి చూపించుకున్నాడు. అంత నిఘంటువు చేసినవాడే సాయం తీసుకున్నాడు, నువ్వు సిగ్గుపడటం ఎందుకు? మీ సార్‌కు చూపించేటప్పుడు 'బాగుందా' అని అడగకు. 'ఈ పేరాలో నేనేం చెప్పానో ఒక్క మాటలో చెప్పండి సార్' అని అడుగు. నువ్వు అనుకున్నదే ఆయన చెబితే ఆ పేరా అయిపోయినట్టే.

దసరాకు వచ్చేటప్పుడు ఆ గ్రామాల అధ్యాయం తీసుకురా, ఎలా ఉంటే అలాగే. లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదిలి ప్రింట్ తీయించు, నేను పెన్సిల్‌తో రాయాలి. రైతులు చెప్పింది రాసుకున్న నోటు పుస్తకం కూడా మరిచిపోకు.

మీ అత్త