క్రూగర్‌లో నాలుగు రాత్రులకి రెండే క్యాంపులు పెట్టుకోండి

మే చివర్లో నాలుగు రాత్రులు, ఎనిమిదేళ్ల బాబు, అరవై దాటిన అత్తమామలు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు మొత్తం చుట్టేయొచ్చా, కారు మనమే నడుపుకోవచ్చా, శాకాహారులం కదా తిండి సంగతేంటి అని అడిగారు. ఉద్యోగం కోసం జొహానెస్‌బర్గ్‌లో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే మేం అక్కడికే పోయేవాళ్లం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొత్తం చుట్టాలన్న ఆలోచన మానుకోండి. పార్కు పొడవు విజయవాడ నుంచి వైజాగ్ అంత ఉంటుంది, దాదాపు 350 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. జంతువుల కోసం ఆగుతూ వెళ్తే సగటున పాతిక కూడా రాదు. మే నెలలో క్యాంపు (పార్కు లోపల మనం బస చేసే చోటు) గేట్లు పొద్దున 6కి తీసి సాయంత్రం 5:30కల్లా మూసేస్తారు. ఆలస్యమైతే జరిమానా. రోజుకో క్యాంపు మారితే మీ సెలవంతా గడియారం చూసుకోవడంతోనే గడిచిపోతుంది.

నా సలహా: లోయర్ సాబీ క్యాంపులో రెండు రాత్రులు, సతారా క్యాంపులో రెండు రాత్రులు. జొహానెస్‌బర్గ్ నుంచి ఎన్4 హైవే మీద వచ్చి క్రోకడైల్ బ్రిడ్జ్ గేటులో లోపలికి వెళ్లండి, చివరి రోజు ఒర్పెన్ గేటులోంచి బయటికి రండి. వచ్చిన దారినే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు. లోయర్ సాబీ నది ఒడ్డున ఉంటుంది, ఏనుగులు, అడవి దున్నలు నీళ్లకి అక్కడికే వస్తాయి. సతారా చుట్టూ గడ్డి మైదానాలు, సింహాలకి పేరున్న చోటు.

డ్రైవింగ్ గురించి టెన్షన్ వద్దు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే. లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకెళ్లండి. కాస్త ఎత్తుగా ఉండే బండి అద్దెకు తీసుకుంటే పెద్దవాళ్లకి గడ్డి మీదుగా బాగా కనిపిస్తుంది. అనుమతి ఉన్న చోట తప్ప కారు దిగకూడదు, కిటికీలోంచి బయటికి వంగకూడదు. ఈ విషయం బాబుకి ముందే గట్టిగా చెప్పి ఉంచండి. ఏనుగు రోడ్డుకి అడ్డంగా నిలబడితే దూరంగానే ఆగండి. చెవులు విప్పి తల ఊపుతూ మీవైపు తిరిగిందంటే హారన్ కొట్టకుండా మెల్లగా వెనక్కి తీసుకోండి. దారి దానిదే.

జంతువులు కనిపించాలంటే తిరగడం కంటే కూర్చోవడం మేలని నా గట్టి నమ్మకం. లోయర్ సాబీ పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది. పొద్దున్నే అక్కడ ఇంజిన్ ఆపి ఒక గంట ఉండండి. ఒడ్డున మొసళ్లు నోరు తెరుచుకుని పడుకుని ఉంటాయి, నీటి ఏనుగు వీపు మీద కొంగ నిలబడి ఉంటుంది. దారిలో ఇంపాలా జింకలు మేత మాని అన్నీ ఒకే వైపు చూస్తూ బుస్సుమంటున్నాయంటే ఆ వైపు పొదల్లో, చెట్ల కొమ్మల మీద వెతకండి. మాకు చిరుత అలాగే కనిపించింది. తోక ఒక్కటే కొమ్మకి వేలాడుతోంది, మా అమ్మాయి చూపించకపోతే ఎవరమూ గమనించేవాళ్లం కాదు. బిగ్ ఫైవ్ (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న) గ్యారంటీగా చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

క్యాంపు రిసెప్షన్ దగ్గర పెద్ద మ్యాప్ బోర్డు ఉంటుంది. ఎవరికి ఏది ఎక్కడ కనిపించిందో రంగురంగుల అయస్కాంత బిళ్లలు అంటిస్తారు. సాయంత్రం బాబుని దాని దగ్గరికి తీసుకెళ్లండి, మర్నాటి ప్లాన్ వాడే వేస్తాడు. ఖడ్గమృగాలని మాత్రం ఆ బోర్డు మీద పెట్టరు, వేటగాళ్ల భయం. మీకు కనిపిస్తే ఫొటో తీసుకోండి కానీ ఎక్కడ చూశారో దయచేసి ఆన్‌లైన్‌లో పెట్టకండి. కొమ్ము కోసం వాటిని చంపుతూనే ఉన్నారు.

పార్కు వాళ్ల ఓపెన్ బండిలో ఒక్కసారైనా రాత్రి సఫారీకి వెళ్లండి. ఆరేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకోరు, మీ వాడికి ఆ ఇబ్బంది లేదు. మే అంటే అక్కడ చలికాలం. బండి కదిలితే గాలి కోసేస్తుంది, స్వెటర్లు, మంకీ క్యాప్‌లు తప్పనిసరి. వర్షాలు ఆగి గడ్డి ఎండి, నీళ్లు తగ్గి జంతువులు తేలిగ్గా కనిపించే కాలం అదే కాబట్టి మన వేసవి సెలవులు ఇలా బాగా కలిసొస్తాయి.

తిండికి భయం లేదు. బుక్ చేసేటప్పుడు కిచెన్ ఉన్న కాటేజీయేనా అని చూసుకోండి, కొన్నింటిలో ఉండదు. జొహానెస్‌బర్గ్‌లో ఫోర్డ్స్‌బర్గ్‌కి వెళ్తే బియ్యం, పప్పు, మసాలాలు అన్నీ దొరుకుతాయి. అక్కడి ప్లగ్గు మనం గీజర్లకి వాడే పెద్ద మూడు పిన్నులదే, రైస్ కుక్కర్‌కి ఒక అడాప్టర్ సరిపోతుంది. వరండాలో తినేవి వదలకండి, కోతులు క్షణంలో ఎత్తుకుపోతాయి.

ఆరోగ్యం మాటకొస్తే క్రూగర్ మలేరియా ఉన్న ప్రాంతం. చలికాలంలో దోమలు తక్కువే అయినా మాత్రల గురించి డాక్టర్‌ని ముందే అడగండి, ముఖ్యంగా పెద్దవాళ్లు వేరే మందులు వాడుతుంటే. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తూ మధ్యలో ఎక్కువసేపు ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. ఆ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కానీ అరవై దాటినవాళ్లకి అది వేసేముందు డాక్టర్లు ఆలోచిస్తారు. మీ అత్తమామల కోసం గల్ఫ్ మీదుగా టికెట్ తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

కాటేజీల బుకింగ్ సాన్‌పార్క్స్ (అక్కడి జాతీయ పార్కుల సంస్థ) సైట్‌లో పదకొండు నెలల ముందే తెరుస్తారు. లోయర్ సాబీ త్వరగా నిండిపోతుంది. దొరక్కపోతే స్కుకూజా క్యాంపు తీసుకోండి, అక్కడి నుంచి సన్‌సెట్ డ్యామ్‌కి నది పక్క రోడ్డులో 45 కిలోమీటర్ల లోపే.