ఆఫీసు ఖర్చుతో ఎకానమీ ప్రయాణం: దిగిన ఊరు చూసే తీరిక ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఆఫీసు పని మీద దూరాలు తిరిగేవాళ్ళవే. సీటు ఇరుకు, నిద్ర లేదు, వెళ్ళిన ఊరు చూడకుండానే తిరిగొచ్చేస్తున్నాం అని దాదాపు అందరూ రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా కంపెనీ ఎంత దూరమైనా ఎకానమీ టికెట్టే ఇస్తుంది. వచ్చే నెల 11 గంటల ప్రయాణం. పొద్దున్నే దిగి, అదే మధ్యాహ్నం క్లయింట్ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. బిజినెస్ క్లాస్ కావాలని మేనేజర్‌ని గట్టిగా అడగమంటారా?

జవాబు: వద్దండి. ఆ పట్టుదలేదో ఒక రోజు ముందు వెళ్ళడం కోసం పట్టండి. దూర ప్రయాణాల్లో బిజినెస్ టికెట్ ధర ఎకానమీకి ఎన్నో రెట్లు ఉంటుంది, ఒక రాత్రి హోటల్ గదికి అయ్యేది ఆ తేడాలో ఏ మూలకూ రాదు. పైగా ‘పడుకునే సీటు కావాలి’ అంటే మీ సౌకర్యం అడిగినట్టుంటుంది, ‘ప్రెజెంటేషన్‌కి ముందు ఒక రాత్రి నిద్ర కావాలి’ అంటే పని గురించి అడిగినట్టుంటుంది. రెండోదానికి సంతకం పెట్టడం ఏ మేనేజర్‌కైనా సులువే. మెయిల్‌లో రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టి పంపండి, వాదించాల్సిన పని కూడా ఉండదు.

ఇది పనికోసం మాత్రమే చెప్పడం లేదు. ఒక రోజు ముందు దిగితే ఆ సాయంత్రం పూర్తిగా మీ సొంతం. మీటింగులు మొదలయ్యాక అలాంటి సాయంత్రం మళ్ళీ దొరకదు.

ఇక ఆ 11 గంటల సంగతి. విమానంలో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టుంటుంది, గాలిలో తేమ 10-20 శాతానికి మించదు. కళ్ళు మండటం, గొంతు ఎండటం, ఊరికే తలనొప్పి రావడం వీటివల్లే, మీ ఒంట్లో ఏదో లోపం ఉందని కాదు. కాంటాక్ట్ లెన్స్ తీసేసి కళ్ళజోడు పెట్టుకోండి, మద్యం జోలికి పోకండి, ఖాళీ సీసా దగ్గర పెట్టుకుని సెక్యూరిటీ దాటాక నీళ్ళు నింపుకోండి. ఎక్కగానే వాచీలో దిగే ఊరి టైము పెట్టుకుని, అక్కడ రాత్రయితే భోజనం కోసం మేలుకుని ఉండకుండా నిద్రపోండి. ఇయర్‌ప్లగ్స్, కళ్ళకు గంత, మెడకు దిండు ఉంటే చాలు. దుప్పటి పైనే బెల్టు పెట్టుకోండి, కుదుపులొచ్చినప్పుడు బెల్టు చూడటానికి మిమ్మల్ని లేపకుండా ఉంటారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ప్రెజెంటేషన్ స్లైడ్లు విమానంలో దిద్దుకోవచ్చు అనుకుని బయల్దేరకండి. ట్రే మీద లాప్‌టాప్ తెరిస్తే స్క్రీను నిలువుగా ఉండటానికే చోటు సరిపోదు. ముందాయన సీటు ఒక్కసారి వెనక్కి వాల్చాడంటే స్క్రీను పై అంచు ఆ సీటు గాడిలో ఇరుక్కుంటుంది, పగిలిన సందర్భాలూ ఉన్నాయి. పని అంతా నేల మీదే ముగించుకుని ఎక్కండి.

ప్రశ్న: సీటు ఎంచుకునేటప్పుడు ఎప్పుడూ కిటికీయా, నడవ పక్కనా అన్న దగ్గరే ఆగిపోతాను. ఇంకేమైనా చూడాలా?

జవాబు: ముందు ఏ విమానమో చూడండి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాల్లో ఎక్కువ వాటికి ఎకానమీలో వరసకు 3-3-3, అంటే మధ్యలో రెండు నడవలు, వాటికి అటూ ఇటూ మూడేసి సీట్లు. బోయింగ్ 777లో ఇప్పుడు చాలా కంపెనీలు 3-4-3 వేస్తున్నాయి, అంటే పక్కవాళ్ళ భుజం మీ భుజానికి ఇంకాస్త దగ్గర. ఎయిర్‌బస్ ఏ330లో 2-4-2, అక్కడ కిటికీ పక్క సీటు తీసుకుంటే బయటికి రావడానికి ఒక్కరినే లేపాలి. రేటూ టైమూ దాదాపు ఒకటే అయినప్పుడు నేనైతే 787, ఏ350 వైపే మొగ్గుతాను, వాటిలో క్యాబిన్ ఒత్తిడి 6,000 అడుగుల స్థాయిలో ఉంచుతారు, దిగాక తేడా తెలుస్తుంది.

గోడకు ఎదురుగా ఉండే మొదటి వరసలో కాళ్ళకు చోటు బాగుంటుంది కానీ, టేకాఫ్ అప్పుడు బ్యాగు మొత్తం పైనే పెట్టాలి, ట్రే చేతి ఆనుడులో ఉంటుంది కాబట్టి ఆ ఆనుడు పైకి లేవదు. చివరి వరస, ఎమర్జెన్సీ ద్వారానికి ముందు వరస చాలా విమానాల్లో వెనక్కి వాలవు. నిద్ర ముఖ్యమైతే కిటికీ, లేచి తిరగడం ముఖ్యమైతే నడవ, టాయిలెట్ల పక్క సీటు మాత్రం ఎవరికీ వద్దు.

ప్రశ్న: దిగేసరికి చీలమండలు వాచిపోయి బూట్లు పట్టవు. భయపడాలా?

జవాబు: రెండు కాళ్ళూ సమానంగా వాచి, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. పిక్క కండరాలు కదిలితేనే కాళ్ళలోని రక్తం పైకి ఎక్కుతుంది, గంటల తరబడి కదలకపోతే ద్రవం కిందే నిలుస్తుంది. కూర్చునే మడమలు ఎత్తి దించుతూ ఉండండి, వీలున్నప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయండి. కాళ్ళ కింద బ్యాగు పెట్టుకుని ఉన్న చోటు కూడా పోగొట్టుకోకండి.

ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు ఉంటే అది వేరే విషయం. రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. 4 గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో తేలింది. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది 6,000 మందిలో ఒకరికి వచ్చేంతే. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, ఇదివరకు గడ్డకట్టినవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు ముందే డాక్టర్‌ని అడిగి, అవసరమైతే మోకాలి కింది వరకు వచ్చే బిగుతు సాక్సులు వేసుకోవాలి.

ప్రశ్న: మా డైరెక్టర్ గారు ముందు బిజినెస్‌లో, నేను వెనక ఎకానమీలో. దిగాక ఆయన కడిగిన ముత్యంలా ఉంటారు, నేను నలిగిపోయి ఉంటాను. ఆయన పక్కన నడవాలంటే చిన్నతనంగా ఉంటుంది.

జవాబు: చిన్నతనం ఎందుకండీ? అది హోదాను బట్టి రాసుకున్న నిబంధన, మీ విలువ మీద ఇచ్చిన తీర్పు కాదు. ఒక ఉతికిన చొక్కా, టూత్‌బ్రష్, డియోడరెంట్ చేతి బ్యాగులో పైనే పెట్టుకోండి. దిగేముందు టాయిలెట్లకు క్యూ కడతారు, అక్కడ నిలబడకండి, ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్‌కి ముందు వచ్చే వాష్‌రూమ్‌లో పది నిమిషాలు తీరిగ్గా తయారవండి. ‘సార్, మీరు బయల్దేరండి, నేను హోటల్లో కలుస్తాను’ అని ముందే చెప్పేస్తే ఇద్దరికీ హాయి.

ప్రశ్న: ఎన్ని ఊళ్ళు వెళ్ళినా ఎయిర్‌పోర్టు, హోటలు, ఆఫీసు తప్ప ఏమీ చూడలేదు. పగలంతా మీటింగులే. సాయంత్రం రెండు మూడు గంటలు దొరికినా ఒళ్ళు సహకరించదు. నాలాంటివాళ్ళకు ఊరు చూసే దారి ఉందా?

జవాబు: ఉంది, ఈ ఉత్తరాలన్నింట్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న కూడా ఇదే. మీరు ఊరికి ఏ గంటలు ఇవ్వాలో మీ ఒంటినే అడగండి. పడమటికి ఎగిరితే ఒంటి గడియారం అక్కడి గడియారం కంటే ముందు నడుస్తుంది, రాత్రి 8 అయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి, తెల్లవారుజామున 4కే మెలకువ వచ్చేస్తుంది. తూర్పుకి ఎగిరితే దీనికి తలకిందులు, అర్ధరాత్రి దాటినా నిద్ర రాదు, పొద్దున లేవలేరు. చాలామంది పడమటి ఊళ్ళో తూలుతూ తూలుతూ సాయంత్రం తిరగబోతారు, తూర్పు ఊళ్ళో పొద్దున్నే అలారం పెట్టుకుని బాధపడతారు. ఇది మార్చుకుంటే చాలు, ఊరు కనిపించడం మొదలవుతుంది.

పడమటికి వెళ్ళినప్పుడు ఆ 4 గంటల మెలకువని ఫోన్ చూస్తూ పాడుచేసుకోకండి. వెలుగు రాగానే బయటపడండి. దుకాణాల షట్టర్లు పైకి లేస్తుంటాయి, పేవ్‌మెంట్ మీద నీళ్ళు కొట్టి కడుగుతుంటారు, మొదటి బస్సుల్లో రాత్రి డ్యూటీ దిగినవాళ్ళు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటారు, నది ఉంటే వంతెన మీద పరిగెత్తేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మధ్యాహ్నం మనుషులతో కిక్కిరిసే కూడలి ఆ సమయంలో మీ ఒక్కరిదే. 9 గంటల మీటింగ్‌కి ముందే మీరు రెండు గంటలు నడిచేసి ఉంటారు. తోటలు, పార్కులు ఇలాంటివాళ్ళ కోసమే అన్నట్టుంటాయి. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ చూడండి (మనకు తూర్పైనా, టోక్యో, సిడ్నీల నుంచి వచ్చేవాళ్ళకు అది పడమరే), తెల్లవారుజామున 5 నుంచి అర్ధరాత్రి 12 వరకు తెరిచే ఉంటుంది, లోపలికి టికెట్ లేదు, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. ఆర్కిడ్ తోట ఒక్కదానికే టికెట్.

తూర్పుకి వెళ్ళినప్పుడు సాయంత్రాలు మీవి. పెద్ద మ్యూజియాలు వారంలో ఏదో ఒక రోజు రాత్రి దాకా తెరిచి ఉంచుతాయి, అమెరికా నుంచి తూర్పుకి ఎగిరి వచ్చేవాళ్ళకైతే లండన్ బ్రిటిష్ మ్యూజియం శుక్రవారం రాత్రి 8:30 వరకు ఉంటుంది, పారిస్‌లో లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో ఆలస్యంగా మూస్తారు, మంగళవారం అసలు తెరవరు. బయల్దేరే ముందు ఈ సెలవులూ, రాత్రి వేళలూ ఒకసారి చూసుకుంటే సాయంత్రం వృథా కాదు. మ్యూజియం మొత్తం చూడాలని పెట్టుకోకండి, ఒక్క విభాగం చూసి బయటికి రండి. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పులు పుడితే నీళ్ళున్న ఊళ్ళలో ఫెర్రీ ఎక్కండి. హాంకాంగ్‌లో స్టార్ ఫెర్రీ, ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ జలసంధి దాటించే ఫెర్రీలు, సిడ్నీలో మాన్లీ ఫెర్రీ ఇవన్నీ అక్కడివాళ్ళు రోజూ పనులకు వెళ్ళొచ్చే సామాన్య రవాణా. కూర్చున్న చోటు నుంచే ఊరి దీపాలన్నీ కనిపిస్తాయి, టూరిస్టు పడవకి పెట్టే డబ్బు పెట్టక్కర్లేదు.

ఏ దిక్కుకు వెళ్ళినా ఒక నియమం నేను వదలను. ఒక సాయంత్రానికి ఒక్కటే పేట. నాలుగు పేర్లు రాసుకుని పరుగెడితే నాలుగు ఫొటోలు మిగులుతాయి. ఒక పేటలో మెట్రో దిగి, ఆ నాలుగు వీధులే రెండుసార్లు తిరిగితే, రెండోసారి వెళ్ళేసరికి ఏ మలుపులో ఏముందో మీకు తెలిసిపోతుంది. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా ఎయిర్‌పోర్టు పక్కన కాకుండా, ఆఫీసుకీ పాత ఊరికీ మధ్య ఒకే మెట్రో లైను మీద ఉండేది చూడండి. క్లయింట్ ఆఫీసులో ఎవరినైనా ‘ఇక్కడ చూడాల్సినవేంటి?’ అని అడిగితే గైడు పుస్తకంలో ఉన్నవే చెబుతారు, ‘సెలవు రోజు మీరెక్కడికి వెళ్తారు?’ అని అడగండి, మొహం వెలుగుతుంది, కాగితం తీసుకుని దారి గీసిస్తారు.

ప్రశ్న: పని అయ్యాక టీమంతా రోజూ హోటల్ బార్‌లోనే కూర్చుంటారు. నాకు ఊరు చూడాలని ఉంటుంది. టీమ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే, విడిగా వెళ్తే ఏమైనా అనుకుంటారేమోనని, ఒంటరిగా వెళ్ళాలంటే కొంచెం భయం కూడా.

జవాబు: మొదటి రోజు అందరితో కూర్చోమ్మా, మిగతా సాయంత్రాలు నీవి. ఆ మాట సాయంత్రం గుమ్మంలో నిలబడి చెప్పకుండా పొద్దున టిఫిన్ దగ్గరే ‘ఈ రోజు నేను అటు వెళ్తున్నాను, ఎవరైనా వస్తారా?’ అని మామూలుగా అనేసెయ్. ఒకరో ఇద్దరో వస్తామంటారు చాలాసార్లు, వాళ్ళకీ బార్ విసుగే.

ఎవరూ రాకపోతే ఒంటరిగానే వెళ్ళు, జాగ్రత్తలు తీసుకుని వెళ్ళు. ఊరి మ్యాపు ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా డౌన్‌లోడ్ చేసుకో, హోటల్ పేరూ అడ్రసూ స్థానిక భాషలో ఉన్న కార్డు జేబులో పెట్టుకో, ఇంట్లోవాళ్ళకి లైవ్ లొకేషన్ పంపు. ఆఖరి రైలు టైము కాకుండా దానికి ముందు రైలు టైము గుర్తుపెట్టుకో. ఏ పేటలు చీకటి పడ్డాక వద్దో రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయిని అడుగు, నిజం చెబుతుంది. మనసుకి ఏమాత్రం బాగోలేదనిపించినా మొహమాటం లేకుండా వెనక్కి తిరుగు.

ప్రశ్న: శుక్రవారంతో పని అయిపోతుంది. శని, ఆదివారాలు సొంత ఖర్చుతో ఉండిపోతే కంపెనీ తప్పు పడుతుందా?

జవాబు: ముందే రాతపూర్వకంగా అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. టికెట్ బుక్ కాకముందే అడగాలి, తర్వాత తేదీ మారిస్తే వచ్చే ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. శుక్రవారం రాత్రికీ ఆదివారానికీ టికెట్ ధరలు రెండూ చూసి పంపండి. శనివారం రాత్రి అక్కడే ఉండేవాళ్ళకు తక్కువ రేటు ఇచ్చే పద్ధతి విమాన కంపెనీల్లో చాలాకాలంగా ఉంది, ఆదివారమే చవకైన సందర్భాలూ ఉంటాయి, అప్పుడు మీరు అడిగింది కంపెనీకే లాభం. శుక్రవారం రాత్రి నుంచి హోటల్ బిల్లు మీ పేరున విడిగా రాయించుకోండి.

రెండు విషయాలు తప్పకుండా చూడండి. ఒకటి వీసా: యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసాలో ఎన్ని రోజులని స్టిక్కర్ మీద రాస్తారు, కంపెనీ 5 రోజులకే అడిగితే శనివారం ఉండటానికి వీలుండకపోవచ్చు, కాబట్టి దరఖాస్తులోనే ఆ రోజులు కలపాలి. రెండోది ఇన్సూరెన్స్: కంపెనీ పాలసీ పని రోజులకే వర్తించొచ్చు, ఆ రెండు రోజులకు మీ సొంత పాలసీ తీసుకోండి.

ప్రశ్న: నేను చేరాను, నా సూట్‌కేస్ చేరలేదు. మర్నాడు మీటింగ్. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకముందే బ్యాగేజ్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, ఆ నంబరున్న కాగితం తీసుకోండి. హోటల్ అడ్రసు ఇవ్వండి, దొరికితే అక్కడికే పంపుతారు. ఈలోపు అవసరానికి కొన్న చొక్కా, టూత్‌పేస్ట్ లాంటి వాటి బిల్లులన్నీ దాచుకోండి. 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో ఆలస్యానికి ఎయిర్‌లైన్‌దే బాధ్యత, దానికి ఒక పరిమితి ఉంటుంది. కాకపోతే బ్యాగు మీ చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి. బ్యాగు పాడై వస్తే గడువు 7 రోజులే, కాబట్టి అందిన వెంటనే తెరిచి చూసుకోండి.