సంకర జంతువుల గురించి పిల్లలు అడిగితే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. తోక లేని పిల్లి ఫోటో తెచ్చి, ఇది పిల్లికీ కుందేలుకూ పుట్టిందని నీ తరగతిలో కుర్రవాడొకడు వాదిస్తే నీళ్లు నమిలావన్నమాట. అది మాంక్స్ పిల్లి. తోక కురచబడే జన్యు మార్పు ఆ పిల్లుల్లోనే ఉంది, కుందేలు ప్రమేయమేమీ లేదు.

అలాగని వేర్వేరు జాతులు కలవనే కలవవని తేల్చేయకు. వెంటనే ఎవరో ఒకరు కంచర గాడిదను తోలుకొస్తారు. ఆ పని నువ్వే ముందు చెయ్యి. తండ్రి గాడిద, తల్లి గుర్రం. పొడుగు చెవులు తండ్రివి, ఒడ్డూ పొడుగూ తల్లివి. గొంతెత్తితే సకిలింపుగా మొదలై ఓండ్రగా ముగుస్తుంది. అనుకరించి చూపించు. నేను 30 ఏళ్లు చూపించాను, సిగ్గుపడలేదు.

తర్వాత బోర్డు మీద 64, 62 అని రాయి. గుర్రం, గాడిదల కణాల్లో జన్యువులను మోసే పోగుల, అంటే క్రోమోజోముల లెక్కలవి. చెరి సగం కలిస్తే 63. ఒళ్లు పెరగడానికి ఇబ్బంది లేదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడే చిక్కు: ప్రతి క్రోమోజోమూ జోడు వెతుక్కోవాలి, జోళ్లు సరిగ్గా కుదరవు. అందుకే దాదాపు అన్నీ గొడ్డువే. 'దాదాపు' అన్న మాట మింగేయకు, ఆడ కంచర గాడిదలు ఈనిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి.

నా పొరపాటు మాత్రం నువ్వు చేయకు. అంకెలు సరిపోతే పిల్లలు పుడతాయని చాలా ఏళ్లు చెప్పాను. సింహానికీ పులికీ 38 కాబట్టే ఆ రెంటికీ లైగర్ అనే సంకరం పుడుతోందని అంటుంటే ఒక అమ్మాయి లేచి, "పిల్లికీ పందికీ కూడా 38 కదండీ, మరి?" అంది. నోరు మెదపలేకపోయాను. అసలు చూడాల్సింది చుట్టరికం. సింహం, పులి దగ్గరి దాయాదులు. పిల్లీ పందీ కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. అంత దగ్గరివాళ్లయినా మగ లైగర్లు గొడ్డువి, ఆడవాటికి మాత్రం పిల్లలు పుట్టాయి. సంకరాల్లో ఆడా మగా మధ్య ఈ తేడాను 1922లోనే హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త సూత్రీకరించాడు.

ఆ కుర్రవాడు గడుసువాడైతే చేపలను పట్టుకొస్తాడు. హంగరీలో స్టర్జన్ అనే చేప గుడ్లకు పాడిల్‌ఫిష్ అనే మరో చేప వీర్యం కలిపితే పిల్లలు పుట్టాయని 2020లో ప్రకటించారు. ఆ రెంటి మధ్య ఎడం సుమారు 18 కోట్ల ఏళ్లు! కలిపినవాళ్లే పుడతాయనుకోలేదు. వాడు ఆ మాటెత్తితే సుద్దముక్క వాడి చేతికిచ్చి, నువ్వు బెంచీ మీద కూర్చో.

మామయ్య