జరిమానా మాట పక్కన పెట్టండి, ముందు బడి వరండా చూడండి

మీరు అడిగింది ఇది: చీకటి పడితే బడి వరండాలో, బస్టాండులో కుర్రాళ్లు మందు పెట్టుకుని కూర్చుంటున్నారు, వచ్చే పోయే ఆడపిల్లల మీద మాటలు విసురుతున్నారు, సైలెన్సర్లు మార్చిన బళ్లతో ఊరంతా మోత. పెద్దలు తలా 5 వేలు జరిమానా వేద్దామంటున్నారు, వేయొచ్చా అని.

వేయకూడదు. ఊరి పెద్దలకు గానీ, గ్రామాభివృద్ధి కమిటీకి (వీడీసీ) గానీ జరిమానా వసూలు చేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు వీడీసీల సంగతి పేపరు చదివేవాళ్లకు కొత్తేం కాదు. ఒక చేత్తో జరిమానాలు, మాట వినని ఇంటికి సాంఘిక బహిష్కరణ. ఇంకో చేత్తో బెల్టు షాపుకు వేలం పాట. బెదిరించి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు కేసు పెద్దల మెడకే చుట్టుకుంటుంది. ఇక స్తంభానికి కట్టేయడం, గుండు గీయించడం లాంటి వీరంగాలు అసలే వద్దు. పిల్లాడు ఎస్సీ, ఎస్టీ కుటుంబం వాడై, చేసినవాళ్లు వేరే కులాల వాళ్లయితే గుండు గీయించడం, వెలివేయడం రెండూ అట్రాసిటీ చట్టంలో విడివిడిగా రాసి ఉన్న నేరాలు. ఆగడం చేసినవాడు ఫిర్యాదుదారు అవుతాడు, ఊరు ముద్దాయి అవుతుంది.

సోమవారం పొద్దున ప్రార్థనకు ముందు ఎవరైనా ఇద్దరు బడికి వెళ్లండి. స్వీపరు చీపురు పట్టకముందే వెళ్లాలి. క్వార్టర్ సీసాలు, నీళ్ల ప్యాకెట్లు, నలిపేసిన ప్లాస్టిక్ గ్లాసులు, మిక్చర్ పొట్లాలు, రెండో మెట్టు దగ్గర పగిలిన బీరు సీసా పెంకులు ఉంటాయి. చెప్పుల్లేకుండా వచ్చే ఒకటో తరగతి పిల్లలు ఎక్కేది ఆ మెట్టే. తిట్టుకుంటూ ఊడ్చేయకుండా కాసేపు పరిశీలించండి. గ్లాసులు లెక్కపెడితే ఎంతమంది కూర్చున్నారో తేలుతుంది. అవే బ్రాండు సీసాలు, అదే కంపెనీ నీళ్ల ప్యాకెట్లు వారం వారం కనిపిస్తే సరుకు ఒకే దుకాణం నుంచి వస్తూ ఉండొచ్చు. సన్న కాగితపు ముక్కలు, పొగాకు పొడి పారబోసిన ఖాళీ సిగరెట్లు కనిపిస్తే అది గంజాయి, దాని దారి వేరు, కింద చెప్తాను. మూత మీది హోలోగ్రామ్ లేబుల్ చిరగకుండా మిగిలిన సీసాలు ఏరి ఫొటో తీసి పెట్టండి. ఆ సీసా ఏ లైసెన్స్ దుకాణానికి వెళ్లిందో ఎక్సైజ్ వాళ్లు ఆ కోడ్‌ను బట్టి చెప్పగలరు.

చాలా ఊళ్లలో బయటకు అనని మాట ఇంకోటి ఉంది. ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ వరండాలో కూర్చునేది నలభై దాటిన మగవాళ్లు. కుర్రాళ్లు వచ్చేది వాళ్లు లేచాక. పంచాయితీలో మాత్రం కుర్రాళ్ల పేర్లే వినిపిస్తాయి. బాబాయి తాగే చోట అబ్బాయిని తాగొద్దంటే వాడెందుకు వింటాడు?

అందుకే మొదటి దెబ్బ బెల్టు షాపు మీద పడాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తాగేవాళ్ల వెంట పడలేదు, సారా దుకాణం మూయించారు. ఆ ఊపు జిల్లాలు దాటి, 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం అమలయింది. ఇప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు వెనక మందు అమ్మేది లైసెన్స్ లేని అమ్మకం, ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 కిందికి వస్తుంది. దానికన్నా గట్టి ఆయుధం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77. పద్దెనిమిది నిండని పిల్లవాడికి మందు గానీ సిగరెట్ గానీ ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా. బెల్టు షాపు ఓనర్‌కు ఈ సెక్షన్ చదివి వినిపిస్తే చాలు, కనీసం ఇంటర్ పిల్లలకు అమ్మడం ఆపేస్తాడు. బడికి వంద గజాల లోపు సిగరెట్లు అమ్మడం కూడా నేరమే. టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

తర్వాత వెలుతురు. కుర్రాళ్లు చీకటి వెతుక్కుంటారు, మనం ఆ చీకటిని ప్రభుత్వ ఖర్చుతో కట్టి ఇస్తున్నాం. పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం అనే శ్మశానవాటిక, క్రీడా ప్రాంగణం, రైతు వేదిక చాలా ఊళ్లలో ఊరి బయటే ఉంటాయి; అక్కడికి కరెంటు స్తంభం వెళ్లదు, కాపలా ఉండదు. శ్మశానం సరే, మిగతావి ఊరి మధ్యన కట్టాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ వింతే. సరే, బడి సంగతికి వద్దాం. లైటు వరండా ఎదుట స్తంభానికి, ఆరు మీటర్ల ఎత్తుకు తగ్గకుండా, వెలుగు వరండా లోపలికి పడేలా బిగించాలి. వరండా చూరుకు బయటివైపు తిప్పి పెడితే రోడ్డు మీదివాళ్ల కళ్లకు కొడుతుంది, దాని వెనక కూర్చున్నవాడు కనిపించడు. రాళ్లు పడతాయి కాబట్టి ఇనుప జాలీ వేయండి. అడ్డొచ్చే వేప కొమ్మలు ఏడాదికి రెండుసార్లు కొట్టించాలి, లేకపోతే వానాకాలం తర్వాత లైటు ఉన్నా లేనట్టే. వీధి దీపాలకు విడిగా మూడో తీగ లేని స్తంభమైతే పగలూ రాత్రీ వెలిగి త్వరగా కాలిపోతుంది. తీగ వేయించి టైమర్ పెట్టించండి. ప్రహరీలో పడిన గండి మూసేముందు అది ఎవరికి అడ్డదారో చూడండి. పొలాలకు వెళ్లేవాళ్ల దారి అయితే పక్కన చిన్న గేటు వదలాలి. లేకపోతే వారం తిరక్కుండా ఊరివాళ్లే గోడ పడగొడతారు. బడి ఆవరణలో ఏది చేయాలన్నా హెడ్‌మాస్టర్ సంతకం, తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానం ఉండాలి.

ఫిర్యాదు ఎవరో ఒకరు ఒంటరిగా ఇస్తే మర్నాడు వాళ్ల మోటారు వైరు తెగి ఉంటుంది. గ్రామసభలో తీర్మానం చేసి, సెక్రటరీ చేత మినిట్స్ పుస్తకంలో రాయించి, వచ్చినవాళ్లందరి సంతకాలు తీసుకోండి. తీర్మానంలో కుర్రాళ్ల పేర్లు రాయొద్దు. చోటు, వారం, సమయం, ఏం జరుగుతోంది, అంతే. పేరు రాసిన క్షణం అది కుల పంచాయితీ అయి కూర్చుంటుంది. నకళ్లు ఎస్సై, తహసీల్దార్, ఎంపీడీవో, ఎక్సైజ్ స్టేషన్‌లకు ఇచ్చి నాలుగు చోట్లా ముద్ర వేయించుకోండి. అప్పుడు రాత్రి 112కు ఫోన్ చేసినప్పుడు తీర్మానం తేదీ చెబితే చాలు, కథంతా మొదటి నుంచి చెప్పక్కర్లేదు. తాగి బహిరంగంగా గొడవ చేస్తే బీఎన్ఎస్ 355. శిక్ష చిన్నది, ఒక రోజు జైలు లేదా వెయ్యి వరకు జరిమానా లేదా సమాజ సేవ. పదే పదే చేసేవాణ్ని పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 126 కింద తహసీల్దార్ ముందు బైండోవర్ చేయిస్తే ఏడాది వరకు పూచీకత్తు ఉంటుంది, తప్పితే డబ్బు కట్టాలి. ఊరి జరిమానా కన్నా దీనికే ఎక్కువ భయపడతారు.

మైనర్ల లెక్క వేరు. చిన్న నేరాలకు వాళ్ల మీద ఎఫ్ఐఆర్ ఉండదు, తల్లిదండ్రులను పిలిపిస్తారు. కానీ బండి నడిపి దొరికితే ఓనర్‌కు మోటారు వాహనాల చట్టం 199ఎ కింద పాతిక వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. గ్రామసభలో ఈ ఒక్క వాక్యం మైకులో చదవండి, తాళం చెవులు ఎవరి జేబులోకి వెళ్తాయో చూడండి. ఆడపిల్లల మీద మాటలు, సైగలు బీఎన్ఎస్ 79, వెంటపడటం 78. ఇవి పెద్దల మధ్య రాజీ చేసే బాపతు కావు. తెలంగాణలో పోలీసుల షీ టీమ్ గానీ, ఆంధ్రలో అయితే సచివాలయం మహిళా పోలీస్ గానీ చూడాలి. అమ్మాయి పేరు తీర్మానంలోకి, వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు.

గంజాయి కనిపిస్తే ఆంధ్రలో 1972కు, తెలంగాణలో 1908కు ఫోన్. అలవాటు పడ్డ పిల్లాడు తనంతట తాను చికిత్సకు వస్తే మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టం 64ఎ కింద వాడకానికి, కొద్ది మొత్తం ఉన్నందుకు విచారణ నుంచి మినహాయింపు ఉంది. ఇంట్లోవాళ్లకు ఇది తెలియక దాచిపెడతారు.

కెమెరాల గురించి ఒక్క మాట. సర్పంచ్‌లకు రిబ్బన్ కత్తిరించడం ఇష్టం కాబట్టి పెట్టిస్తారు, ఆరు నెలలకు సగం పనిచేయవు. రాత్రి కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, తెర మీద తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. కోతులు కేబుళ్లు పీకుతాయి. పైపు వేసి లాగించండి, వారానికోసారి లెన్స్ తుడిచే మనిషిని పేరుతో పెట్టండి. ఊరి మొగదల కెమెరా బండికి సూటిగా ఎదురు పెడితే హెడ్‌లైట్‌కు నంబరు కనబడదు. కాస్త పక్కగా, వెనక నంబరు ప్లేటు పడేలా తిప్పాలి. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు పోయిన ఆ గంటే అసలు గంట.

కుర్రాళ్లు అక్కడి నుంచి లేస్తే ఎక్కడికి పోవాలి? వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చాలు, చుట్టూ మూడేసి మీటర్లు వదలాలి. స్తంభాలు కాంక్రీటులో పాతండి. నెట్ రాత్రికి విప్పి లోపల పెట్టాలి, ఆ బాధ్యత ఆడేవాళ్లలో గొంతు పెద్దగా ఉన్నవాడికే అప్పజెప్పండి. లైట్లు టైమర్‌తో తొమ్మిదిన్నరకు ఆరిపోవాలి, లేకపోతే పక్కింటివాళ్లే మొదటి శత్రువులవుతారు. బంతి చిరిగితే కొనేదెవరో ముందే తేల్చుకోండి. చాలా ఊళ్లలో ఆట ఆగిపోయేది అక్కడే.

ఇవన్నీ చేశాక ఆ గుంపు కాలవ గట్టుకో, ఊరవతల వెంచర్‌కో మారుతుంది. అప్పుడు తీర్మానంలో చోటు పేరు మార్చి మళ్లీ చేయించండి. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది.