మీరడిగారు: తలకోన నడక, పాకుడు బండలు, వాగు పొంగు

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో తలకోన జలపాతానికి వెళ్తున్నాం. మామూలు స్పోర్ట్స్ షూ చాలవా? వెళ్లొచ్చిన చుట్టాలు బాగా జారుతుందని భయపెడుతున్నారు.
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: సిద్ధేశ్వరస్వామి గుడి దాకా ఏ చెప్పులైనా ఫర్వాలేదు. చిక్కంతా ఆ పైన, తడి బండల దగ్గరే. అక్కడ జార్చేది నీళ్లకన్నా పాకుడు. నల్లగానో ముదురాకుపచ్చగానో నిగనిగలాడే రాయి మీద ఎంత ఖరీదైన బూటూ నిలవదు. పొడిగా, గరుగ్గా ఉన్నచోటే అడుగెయ్యండి. సోలును బొటనవేలితో నొక్కి చూడండి. కాస్త మెత్తగా దిగే రబ్బరయితే మంచిది, అరిగి నున్నబడిందయితే ఇంట్లోనే వదిలెయ్యండి. మరీ జారుతుంటే షూ మీదే పాత నూలు సాక్సు తొడగండి. చూసినవాళ్లు నవ్వితే నవ్వనీండి, పట్టు మాత్రం దొరుకుతుంది.

ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. మోకాళ్లు అలసి ఉంటాయి, ఒంటి బరువు ముందుకు తూగుతుంది. ఏటవాలు బండ వస్తే రాతివైపు తిరిగి, చేతులు ఆనించి దిగండి. అందుకే చేతిలో సంచులు వద్దు, అన్నీ వీపు మీదికే. పాలిథిన్ కవరు కనిపిస్తే కోతులూ ఊరుకోవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

ప్రశ్న: ఎండ కాస్తున్నా వాగు పొంగుతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నిజమే. తలకోనలో నీళ్లు సుమారు 270 అడుగుల పైనుంచి దూకుతాయి. ఎగువ కొండల్లో వాన పడితే చాలు, మీ నెత్తిన మబ్బు ఉండక్కర్లేదు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన పర్యాటకులు భారీ వానలకు వాగులు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) సిబ్బంది వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.

చేరగానే నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. అది మునగడం మొదలైతే, తేట నీరు టీ రంగుకు తిరిగితే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే, హోరు పెరిగితే, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫొటోలు ఆపి గట్టెక్కండి. మోకాలు దాటిన ఉరవడిలోకి దిగొద్దు, ఒడ్డునే ఆగి నీరు తగ్గేదాకా చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ప్రయాణమే వాయిదా వేసుకోండి.

ప్రశ్న: ధార కింది గుండంలో ఈదొచ్చా? నాకు ఈత బాగా వచ్చు.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ధార పడేచోట వద్దు. ఆ తెల్లని నురగ నిండా గాలి బుడగలే, గజ ఈతగాడు కూడా అందులో సరిగ్గా తేలలేడు. నీటితోపాటు పైనుంచి రాళ్లూ పడుతుంటాయి.