పెడల్ బోర్డు కట్టుకుంటున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

తల్లీ,

బేస్ ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే పెట్టెలు, అదే నువ్వు పంపిన తొమ్మిది పెడళ్ల జాబితా నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. వచ్చే నెల నుంచి వారానికి మూడు ప్రోగ్రాములు ఉంటాయన్నావు. పెళ్లి సంగీత్‌లు, శుక్రవారం రాత్రి పబ్బులో, ఆదివారం పొద్దున చర్చిలో. మన ఇంట్లో బేస్ గిటార్ మెడలో వేసుకున్న రెండో మనిషివి నువ్వు. ఆ సంతోషం ముందు చెప్పుకున్నాక, ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ తొమ్మిదిలో నాలుగు ఉంచుకో. మిగిలిన డబ్బు కరెంటు సరఫరా మీద, కేబుళ్ల మీద పెట్టు. ఎందుకో వివరంగా రాస్తాను.

లీడ్ గిటార్ వాయించేవాళ్లకు వెనక ఆంప్లిఫైయర్ ఉంటుంది. దాని ముందు మైకు పెడతారు. వాళ్ల ధ్వని ఆ పెట్టెలో తయారవుతుంది. మన ఫంక్షన్ హాళ్లలో బేస్‌కు ఆ భాగ్యం చాలా అరుదు. వేదిక మీద బేస్ ఆంప్ ఉండదు, ఉన్నా దాని స్పీకర్ కోన్ ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. నీ కేబుల్ తిన్నగా హాలు సౌండ్ మిక్సర్‌లోకి వెళుతుంది. అంటే జనం వినేది నీ బోర్డులో చివరి పెట్టె నుంచి బయటికి వచ్చిన శబ్దాన్నే. అందుకే బేస్ బోర్డును ముందు నుంచి కాదు, చివరి నుంచి కట్టడం మొదలుపెట్టాలి. ఆ చివరి పెట్టె డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఉన్న ప్రీఆంప్, అంటే ధ్వనిని బలపరచి తీర్చిదిద్దేది.

డీఐ చేసే పని ఇది. నీ బేస్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది. మామూలు గిటార్ కేబుల్‌లో వంద అడుగులు పంపితే పదును పోతుంది, దారిలో ఉన్న ప్రతి లైటు గొణుగుడూ అందులో చేరుతుంది. డీఐ దాన్ని మూడు పిన్నుల మైకు కేబుల్‌లో వెళ్లగలిగేలా మారుస్తుంది. ఒకే సిగ్నల్‌ను రెండు తీగల్లో, ఒకదానిలో తిరగేసి పంపుతారు. అవతలి చివర రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటారు. దారిలో చేరిన రొద రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది కనుక అక్కడ కొట్టుకుపోతుంది. 1960ల్లో అమెరికాలోని మోటౌన్ స్టూడియోలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ బేస్‌ను ఇలాగే తిన్నగా మిక్సర్‌లోకి ఇచ్చి రికార్డు చేసేవారు. ఆయన కాళ్ల దగ్గర ఒక్క పెడల్ కూడా లేదు.

ఇలాంటి ప్రీఆంపుల్లో టెక్ 21 వాళ్ల సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ 1992 నుంచి ఉంది. ఎంఎక్స్‌ఆర్ ఎం80 కూడా మంచిదే. ఏది కొన్నా నాలుగు విషయాలు చూడు. ఎక్స్‌ఎల్‌ఆర్, అంటే ఆ మూడు పిన్నుల కేబుల్ పట్టే అవుట్‌పుట్ ఉండాలి. మోత వచ్చినప్పుడు నొక్కే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉండాలి. అసలు ధ్వనిని, మార్చిన ధ్వనిని కలిపే బ్లెండ్ నాబ్ ఉండాలి. మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటుతో కూడా పనిచేయాలి. ఈ చివరిది ఎందుకంటే, బోర్డులో కరెంటు మొత్తం పోయినా బేస్ కేబుల్ తీసి నేరుగా ఈ పెట్టెకు పెట్టుకుంటే పాట ఆగదు. సాన్స్‌ఆంప్‌కూ ఎం80కీ ఈ సౌకర్యం ఉంది.

బోర్డు మొదట్లో ట్యూనర్. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శ్రుతి చూసుకునేటప్పుడు అది ధ్వనిని పూర్తిగా ఆపేస్తుంది, పాటల మధ్య బేస్ మార్చుకున్నా హాలంతా టపీమనదు. బాస్ కంపెనీ టీయూ-3 లాంటి దానిలో బఫర్ కూడా ఉంటుంది. నీది బ్యాటరీ లేని పాసివ్ బేస్ కనుక, పొడుగు కేబుళ్లలో పోయే పదునును ఆ బఫర్ కాపాడుతుంది.

తర్వాత కంప్రెసర్. దీన్ని మాత్రం జాగ్రత్తగా వాడాలి. నువ్వు వేళ్లతో వాయించేటప్పుడు మూడో తీగ మెత్తగా, మొదటి తీగ గట్టిగా పలుకుతుందని నేను చాలాసార్లు అన్నాను కదా. ఆ ఎగుడుదిగుళ్లను కంప్రెసర్ సర్దుతుంది, కానీ నీ చెయ్యిని సరిదిద్దదు. రేషియో, అంటే ఎంత అణచాలన్న లెక్క, నాలుగుకు ఒకటి చాలు. అటాక్, అంటే అది అణచడం మొదలుపెట్టే వేగం, కాస్త నిదానంగా పెట్టు, తీగకు వేలు తగిలిన ఆ మొదటి దెబ్బ నలగకుండా బయటికి రావాలి. మీటర్ మీద లైట్లు గట్టిగా వాయించినప్పుడు మాత్రమే మూడు నుంచి ఆరు డెసిబెల్స్ తగ్గినట్టు చూపిస్తే అది సరైన చోటు. అన్ని లైట్లూ ఎప్పుడూ వెలుగుతూ ఉంటే, మిక్సర్ దగ్గర కూర్చున్నాయన మరోసారి కంప్రెస్ చేశాక నీ బేస్ దిండు మీద కొట్టినట్టు వినిపిస్తుంది.

నాలుగోది ధ్వనికి రంగు కోసం. ఇక్కడే నీ జాబితాలో ఆరు పెడళ్లు పోగుపడ్డాయి. ఇలా చెయ్యి. మీరు వాయించే నలభై పాటలు ఒక కాగితం మీద రాసి, ఏ పాటలో ఏ పెడల్ నొక్కక తప్పదో ఎదురుగా గుర్తు పెట్టు. నొక్కితే బాగుంటుంది అనిపించేవి వద్దు, నొక్కకపోతే పాట తెలియకుండా పోయేవే లెక్క. ఇప్పటి సినిమా పాటల్లో చాలావాటిలో కీబోర్డు మీద చేసిన సింథ్ బేస్ ఉంటుంది కనుక, నీకు ఎక్కువ గుర్తులు ఆక్టేవ్ పెడల్ దగ్గరే పడతాయని నా నమ్మకం. అది నువ్వు వాయించిన స్వరానికి ఒక స్థాయి కింది స్వరాన్ని కలుపుతుంది. దాన్ని ట్యూనర్ తర్వాత, కంప్రెసర్‌కు ముందు పెట్టు. శుభ్రమైన, ఒంటరి స్వరం అందితేనే అది సరిగా పట్టుకుంటుంది. నాలుగో తీగ ఖాళీగా మోగితే 41 హెర్ట్జ్. దాని కింది స్థాయి 20 దగ్గరికి పోతుంది, అది మనిషి చెవికి అందీ అందని హద్దు. ఆ లోతులో పాతకాలపు ఆక్టేవ్ పెడళ్లు తడబడి గురగురమంటాయి. కాబట్టి ఆ పెడల్ నొక్కినప్పుడు చెయ్యి బేస్ మెడ మీద పైకి, ఏడో ఫ్రెట్ దాటి వెళ్లాలి. ఇది వారం రోజులు సాధన చేయాల్సిన విషయం.

ధ్వనిని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ కావాలంటే మీ గిటారిస్టు దగ్గరున్న ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ అడిగి తెచ్చుకోకు. అది 720 హెర్ట్జ్‌కు కింద ఉన్న ధ్వనికి గెయిన్, అంటే బలం, తగ్గిస్తూ పోతుంది. గిటార్‌కు అదే అందం, ఆ కింది భాగం మనకోసం ఖాళీ చేసి పెడుతుంది. బేస్ దాని గుండా వెళితే కాళ్ల కింద నేల జారినట్టు పాట తేలిపోతుంది. బేస్ కోసం చేసిన వాటిలో అసలు ధ్వనిని పక్కనే కలిపే నాబ్ ఉంటుంది. నీకు ఇప్పటికి ప్రీఆంప్‌లో ఉన్న డ్రైవ్, బ్లెండ్ చాలు. ధ్వనిని అలల్లా ఊపే కోరస్, ఫేజర్ పెడళ్లు ఇంట్లో హెడ్‌ఫోన్లలో ఎంతో బాగుంటాయి, నిజమే. కానీ గోడలు మార్బుల్, పైకప్పు రేకు ఉన్న హాలులో బేస్ అసలే గుమ్మని మోగుతుంది. దాని మీద అవి ఇంకొక పొగ మాత్రమే.

అన్నీ ఒకే పెట్టెలో ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ గురించి కూడా అడిగావు. లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ లాంటిది చిన్నది, శక్తిమంతమైనది. రోజుకొక రకం ప్రోగ్రాం చేసేవాళ్లకు నేనే కొనమంటాను. కానీ దాని సొంత అడాప్టర్ మూడు ఆంపియర్లది, చిన్న పవర్ సప్లైలు దాన్ని మోయలేవు. పైగా చీకట్లో, చెమట చేత్తో, పెళ్లికొడుకు వేదికెక్కుతున్న సమయంలో చిన్న తెర మీద మెనూలు వెతకడం వేరు, కళ్లు మూసుకుని ఒక నాబ్ తిప్పడం వేరు. మొదటి ఏడాది నాబులతో చెవి నేర్చుకో.

బోర్డు కొనకముందు అట్టపెట్టె చింపు. బాస్ కంపెనీ పెడల్ కొలత 7.3 సెంటీమీటర్లు వెడల్పు, 12.9 పొడుగు. ఎంఎక్స్‌ఆర్ చిన్నపెట్టె సుమారు 6 వెడల్పు, 11 పొడుగు. ఆ కొలతలకు ముక్కలు కత్తిరించి, ప్రతి దాని మీద పేరు రాసి, దినపత్రిక మీద పేర్చు. పెడల్‌కూ పెడల్‌కూ మధ్య జాక్ తల పట్టే చోటు వదలడం మరిచిపోకు. అందరూ తప్పేది అక్కడే. ఇప్పుడు చెప్పులు వేసుకుని, నువ్వు వేదిక మీద వేసుకునే చెప్పులే, ఒక్కొక్కటీ తొక్కి చూడు. పక్కదాని నాబ్‌కు కాలు తగిలితే మళ్లీ పేర్చు. ఎక్కువసార్లు నొక్కేది కుడిపాదానికి దగ్గరగా రావాలి. నాలుగు పెడళ్లకు 18 అంగుళాల పొడుగు, 5 అంగుళాల వెడల్పు ఉన్న పెడల్‌ట్రైన్ నానో ప్లస్ సరిపోతుంది. అది గిటార్ సంచి ముందు జేబులోనో, భుజాన సంచిలోనో పడుతుంది. మెట్రోలో నిలబడి వెళ్లగలవు. విమానంలో 7 కిలోల చేతిసంచిలో వెళుతుంది. ఒకవేళ రీచార్జి బ్యాటరీ సప్లై కొంటే, దాన్ని లగేజీలో వేయనివ్వరు, చేతిలోనే ఉంచుకోవాలి.

ఇక కరెంటు. నేను ముప్పై ఏళ్లలో వేదిక మీద పడ్డ అవస్థల్లో చాలావరకు ఇక్కడివే.

ఒకే అడాప్టర్ నుంచి తోకల్లా నాలుగు తీగలు వచ్చే డైసీ చెయిన్ చవక. అన్నీ అనలాగ్ పెడళ్లయితే చాలాసార్లు ఇబ్బంది పెట్టదు. ఒక్క డిజిటల్ పెడల్ చేరిందంటే దాని సన్నని కూత మిగతా అన్నిటిలోకీ ఎక్కుతుంది. ప్రతి అవుట్‌పుట్ విడివిడిగా ఉండే ఐసొలేటెడ్ సప్లై కొను. జాబితాలో నువ్వు చేర్చని వస్తువు ఇదే, నేను ముందు కొనమనేదీ ఇదే. ప్రతి పెడల్ ఎన్ని మిల్లీఆంపియర్లు తాగుతుందో అడుగున రాసి ఉంటుంది. టీయూ-3 తన లైట్లు మామూలుగా ఉంటే 30 తీసుకుంటుంది, వాటి వెలుగు పెంచితే 85. అవన్నీ కూడి, సప్లై ఇచ్చేది దానికంటే కనీసం మూడోవంతు ఎక్కువ ఉండేలా చూసుకో. మన పెడళ్లలో ఎక్కువ శాతం 9 వోల్టులు, పిన్ను మధ్యభాగం నెగటివ్. ఇంట్లో పడి ఉన్న రూటర్ అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులు, మధ్య పాజిటివ్. దూరి కూర్చుంటుంది కదా అని గుచ్చితే పెడల్ అక్కడికక్కడే పోతుంది.

అన్నయ్య డాలస్ నుంచి సప్లై తెస్తానన్నాడని రాశావు. తెమ్మను, కానీ లేబుల్ ఫోటో ముందు పంపమను. 100–240 వోల్టులు అని ఉంటేనే తేవాలి. 120 అని మాత్రమే ఉన్నది మన 230లో పెడితే ఏమవుతుందో నేను చూశాను. నా స్నేహితుడి కొత్త సప్లై నాలుగు నిమిషాల్లో కాలిన వాసన వేసింది, ఆ రాత్రి అతను ఒక్క పెడల్ లేకుండా వాయించాడు.

రాజమండ్రి దగ్గర ఒక పెళ్లిలో జరిగింది చెబుతాను. లైట్లకూ సౌండుకూ ఒకే జనరేటర్ ఇచ్చారు. సౌండ్ చెక్‌లో అంతా బాగుంది. సాయంత్రం మండపం లైట్లు వెలిగాయి, స్పీకర్లలో తేనెతుట్టె కదిలినట్టు జుమ్మని మోత మొదలైంది. లైట్లు తగ్గిస్తే మోత మారుతోంది. నా కుడిపక్క ఉన్న సౌండ్ కుర్రాడు కటింగ్ ప్లయర్ తీసి నా ప్లగ్గు ఎర్త్ పిన్ను విరవబోయాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కాను. మోత ముప్పావు వంతు పోయింది, పాటలో కలిసిపోయేంత మిగిలింది. గ్రౌండ్ లిఫ్ట్ సిగ్నల్ కేబుల్‌లోని నేల తీగను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. ఎర్త్ పిన్ను విరిస్తే మోత తగ్గవచ్చు, కానీ ఎక్కడో తీగ ఊడి లోహానికి తగిలిన రోజున ఆ 230 వోల్టులు నీ తీగల మీద ఉన్న వేళ్లకూ, మైకుకు తగిలిన పెదవులకూ మధ్య పారతాయి. నువ్వు పాడుతూ వాయిస్తావు. ఎవరు ఎంత తొందరపెట్టినా, ప్రోగ్రాం ఆగిపోయినా సరే, ఎర్త్ లేని ప్లగ్గుతో వేదిక ఎక్కనని నాకు మాట ఇవ్వు.

కేబుళ్ల విషయానికొస్తే, బోర్డు మీద పెడళ్లను ఒకదానితో ఒకటి కలిపే ప్యాచ్ కేబుళ్లు చవకవి కొనకు. పల్చటి జాక్ తలలున్నవి తీసుకుంటే పెడళ్లు దగ్గరగా కూర్చుంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో మంచి జాకులు, తీగ కొనుక్కుంటే మనమే అతికించుకోవచ్చు. తీగ చివర పావు అంగుళం చర్మం ఒలిచి, రాగిపోగులు మెలిపెట్టి, ముందు పోగులకు, తర్వాత జాక్ చెవికి విడివిడిగా సీసం పట్టించాలి. ఆ తర్వాత రెండూ కలిపి సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే ఒక్క క్షణంలో కరిగి మెరుస్తూ చల్లారుతుంది. మెరవకుండా బూడిదరంగులో గరుకుగా ఉంటే అతుకు పట్టలేదన్నమాట, మళ్లీ చెయ్యాలి. తయారయ్యాక బేస్ మోగుతుండగా ప్రతి జాక్‌నూ వేలితో అటూ ఇటూ కదిలించు. చిటపటమన్నది పక్కన పడెయ్యి. తీగలను బోర్డు అడుగున జిప్ టైలతో కట్టు, కరెంటు తీగలు ఒక అంచున, సిగ్నల్ తీగలు మరో అంచున వెళ్లేలా.

పెడళ్లు అంటించేముందు అడుగున ఉన్న రబ్బరు తీసి, స్పిరిట్‌తో తుడిచి, అప్పుడు వెల్క్రో వెయ్యి. తుడవకుండా వేస్తే మన మే నెల ఎండకు కారులోనే జిగురు ఊడి వచ్చేస్తుంది.

సంచిలో ఒక ప్యాచ్ కేబుల్, ఒక పొడుగు కేబుల్, నీ సొంత మైకు కేబుల్, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు, చిన్న టార్చి ఉండాలి. వేదిక ఎక్కగానే మిక్సర్ దగ్గరున్న వ్యక్తి దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టి, పేరు అడిగి, "అన్నా, డీఐ నా దగ్గరే ఉంది, ఒక మైకు లైను ఇస్తే చాలు" అని చెప్పు. సౌండ్ చెక్‌లో ఆక్టేవ్ నొక్కి కూడా ఒకసారి వాయించి చూపించు, లేకపోతే ప్రోగ్రాం మధ్యలో సబ్‌వూఫర్లు ఉలిక్కిపడతాయి, ఆయన నిన్ను తగ్గించేసి మళ్లీ పెంచడు. ఆయన లెవెల్ పెట్టాక నీ ప్రీఆంప్ మీద లెవెల్ నాబ్ ముట్టుకోకు. నాబులు ఏ స్థానంలో ఉన్నాయో తెల్ల టేపు మీద గీత గీసి పెట్టుకుంటే, సంచిలో కదిలిపోయినా పది సెకన్లలో సర్దుకుంటావు.

ఈ ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇంటికి రా. అట్టముక్కలు, పాటల కాగితం, వేదిక మీద వేసుకునే చెప్పులు తెచ్చుకో. పెద్దమ్మ పులిహోర చేస్తానంది. నేను సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి ఉంచుతాను.

ఇట్లు,
పెదనాన్న